గుంపులో వచ్చిన వేగం

కళ్ళజోళ్ళ దుకాణాలకి అద్దాలు అరగదీసి పంపే చిన్న వర్క్‌షాపులో ఆమె పనిచేసేది. రోజంతా కూర్చునే పని. యంత్రం మీద సన్నగా నీళ్ళు కారుతూ ఉంటాయి, అద్దం అంచు గిర్రున తిరుగుతూ ఉంటుంది, తెల్లటి బురదలాంటి పొడి గోళ్ళ సందుల్లో పేరుకుంటుంది. నలభై దగ్గరపడేసరికి నడుము పట్టేయడం మొదలైంది. డాక్టరు ఈత కొట్టమన్నాడు. నీళ్ళంటే ఆమెకి భయం. పోనీ అని పనికి సైకిలు మీద వెళ్ళడం మొదలుపెట్టింది. అంతకుమించి అందులో పెద్ద సంకల్పమేమీ లేదు.

ఆమెని సైకిళ్ళ గుంపులో చేర్చినవాడు పొడుగాయన. వర్క్‌షాపు నించి అద్దాల పెట్టెలు తీసుకెళ్ళి దుకాణాలకి చేర్చే వ్యాను డ్రైవరు. మనిషి నిచ్చెనంత ఉంటాడు, మాట మాత్రం గుక్కెడే. ఒకరోజు గోడకి ఆనించి ఉన్న ఆమె సైకిలు చూసి, "ఆదివారం పొద్దున్నే మేం పదిమందిమి ఊరి బయటికి తొక్కుతాం. రండి, సరదాగా ఉంటుంది" అన్నాడు.

వెళ్ళింది. మొదటి ఎత్తు దగ్గరే వెనకబడిపోయింది. నాలిక పిడచకట్టుకుపోయింది, గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పైన అందరూ ఆగి ఉన్నారు, ఎవరూ నవ్వలేదు. గుంపుకి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. నెరిసిన మీసం, ఎండకి కమిలిన ముక్కు. ఆయన పక్కకి వచ్చి, "ఏమ్మా, ఊళ్ళో గాలంతా మీరొక్కరే మింగేస్తారా? నా వెనక చక్రానికి మూరెడు దూరంలో ఉండండి. గాలి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

ఆమె ఆయన వెనక చేరింది. ఎవరో వీపు మీద చెయ్యేసి నెడుతున్నట్టనిపించింది. అదే రోడ్డు, అవే కాళ్ళు, సైకిలు మాత్రం దానంతటదే పోతోంది.

మెల్లమెల్లగా పద్ధతులన్నీ తెలిశాయి. గుంట వస్తే చేత్తో చూపించాలి. ఉన్నపళంగా బ్రేకు వెయ్యకూడదు. ముందున్నవాడు అలిసిపోతే పక్కకి తప్పుకుని వెనక్కి పోవాలి, తరవాతివాడు ముందుకి రావాలి. తల వెనక్కి తిప్పకూడదు, మెడతోపాటు హ్యాండిలు కూడా తిరిగి వెనకున్నవాళ్ళు మీదపడతారు. ఇవన్నీ అలవాటయ్యే సరికి చలికాలం వెళ్ళిపోయింది. ఎండలు ముదిరేనాటికి ఆమె కూడా తన వంతు ముందు నడుస్తోంది.

ఆ ఆదివారాల మీద ఆమెకి పిచ్చి పట్టుకుంది. చిన్నప్పుడు ఆటల పీరియడులో గోడ పక్కన నిలబడే పిల్ల ఆమె. బళ్ళోగానీ పనిలోగానీ ఎక్కడా ముందు నిలబడ్డది లేదు, నిలబడాలని అనుకున్నదీ లేదు. అలాంటి మనిషి ఇప్పుడు ఎదురుగాలిలో పదిమందిని వెనకేసుకుపోతోంది. "ఇంజనమ్మగారూ, కాస్త నెమ్మది!" అని వెనకనించి ఎవరైనా అరిస్తే ఆ అరుపు ఆమెకి సన్మానంలా ఉండేది.

ఇంట్లో మొగుడితో దీని మీదే వాదన. ఆయన పుస్తకాలు బైండు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. దారం, జిగురు, అట్ట, అంచులు కోసే పెద్ద కత్తి, ఇదీ ఆయన లోకం. చొక్కా మార్చినా జిగురు వాసన పోయేది కాదు. ఒళ్ళు కాస్త బొద్దు, నోరు అంతకన్నా బొద్దు.

"మీవాళ్ళు నీకు బలం ఇవ్వలేదోయ్, వాళ్ళ వీపులు ఇచ్చారంతే. ఎవడి వీపు చాటునో పొమ్మంటే నేనూ పోతాను రాజాలాగా" అనేవాడు.

"మరి పనికి ఒక్కదాన్నే పోతున్నానుగా? మొన్నటిదాకా వంతెన ఎక్కాలంటే దిగి నెట్టుకుంటూ పోయేదాన్ని. ఇప్పుడు కూర్చున్న సీటు వదలకుండా ఎక్కుతున్నా. అక్కడ ఎవరి వీపుందండీ?"

 జవాబు లేనప్పుడు ఆయన చేసే పని ఒక్కటే, కాఫీ ఏమైనా దొరుకుతుందా అని అడగడం.

ఈ వాదన తేల్చమని ఆమె పళ్ళ డాక్టరుని అడిగింది. ఆయన నవ్వి, "ఇద్దరిదీ నిజమేనమ్మా. సగం గాలి తగలకపోవడం. మిగతా సగం సిగ్గు" అన్నాడు. "ఒంటరిగా తొక్కేటప్పుడు కాలు నొప్పి అనగానే మనసు సరే, ఆగుదాం అంటుంది. పదిమందిలో ఉన్నప్పుడు కాలు ఎంత మొత్తుకున్నా మనసు వినిపించుకోదు, పక్కవాడి చక్రం వైపే చూస్తుంది. అలా రోజూ కాస్త కాస్త మన హద్దు జరుగుతుంది. అదే వేగం."

ఆ మాట ఆమెకి ఎంత నచ్చిందంటే ఇంటికొచ్చి మొగుడికి పొల్లుపోకుండా అప్పజెప్పింది.

వాళ్ళకి పిల్లలు లేరు. ఇద్దరికీ ఇద్దరే. సాయంత్రాలు కలిసి వంట చేసుకుని, ఆయన ఆ రోజు బైండు చేసిన పుస్తకాల్లోని పిచ్చి పిచ్చి వాక్యాలు గుర్తుపెట్టుకొచ్చి చెబుతుంటే నవ్వుకుంటూ తినేవాళ్ళు. అలాంటిది, తనకి ఇంత సంతోషం దొరికాక అది ఆయనకి లేకపోవడం ఆమెకి ముద్ద మింగుడుపడనట్టు ఉండేది. పైగా మూడో అంతస్తులో ఇల్లు. మెట్లెక్కి వచ్చేసరికి ఆయన గుమ్మం పట్టుకుని ఆయాసపడేవాడు. "మెట్లు కట్టినవాడెవడో కానీ నా మీద కక్షతో కట్టాడు" అనేవాడు. ఒళ్ళు తగ్గితే ఆయాసం తగ్గుతుందని ఆమె నమ్మకం. ఎవరికైనా అదే నమ్మకం ఉంటుంది.

ఆయన పుట్టినరోజుకి పాత సైకిలు ఒకటి కొని, బాగుచేయించి, ఇంటి ముందు నిలబెట్టింది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "గుర్రం బాగానే ఉంది, రౌతు సంగతే ఆలోచించాలి" అన్నాడు. ఊరికే బెట్టు. కళ్ళు మాత్రం మెరిశాయి.

మొదట్లో సాయంత్రాలు ఇద్దరే వెళ్ళేవాళ్ళు. వంతెన దాటగానే ఒక సిమెంటు బల్ల ఉంది, అది కనబడగానే ఆయన దిగిపోయేవాడు. "ఇక్కడ గాలి బాగుంటుంది" అంటూ కూలబడేవాడు. నీళ్ళు తాగేవాడు, పోయేవాళ్ళని చూసేవాడు, ఆమెకి కబుర్లు చెప్పేవాడు. మొదటిరోజు ఆమె నవ్వింది. పదోరోజుకి విసుగొచ్చింది.

"ఇలా మనిద్దరమే తొక్కితే మీరు జన్మలో ఈ బల్ల దాటరు. నలుగురిలోకి రండి, వాళ్ళే లాక్కుపోతారు" అంది.

"లాక్కుపోవడానికి నేనేమైనా బండరాయినా?"

"మీతో తొక్కితే నా కాళ్ళు కూడా మొద్దుబారిపోతున్నాయి." అనేసింది. అన్నాక నాలిక కరుచుకుంది కానీ నోరు జారిన మాట తిరిగొస్తుందా? ఆయన కాసేపు బాటిలు మూత తిప్పుతూ కూర్చున్నాడు. తరవాత, "సరేలే, నలుగురితో నారాయణ. ఈ ఆదివారం నేనూ వస్తా" అన్నాడు.

వచ్చాడు. మొదటిసారే ఎత్తు దగ్గర సైకిలు దిగి నెట్టుకుంటూ వచ్చి, పైన నిలబడ్డవాళ్ళతో, "మీరంతా ఇంత తొందరగా వచ్చేశారేంటి, దారిలో ఏమీ చూడలేదా?" అన్నాడు. గుంపు గుంపంతా పగలబడి నవ్వింది. ఆ రోజుతో ఆయన అందరివాడైపోయాడు. రైలుకి ఆఖరి పెట్టెలో గార్డు ఉంటాడు కదా, అలా ఆఖరున వస్తాడని 'గార్డుగారు' అని పేరు పెట్టారు. ముందు ఇంజనమ్మ, వెనక గార్డుగారు, మధ్యలో మేం పెట్టెలం అని వాళ్ళ పరాచికం. వెనకబడ్డవాళ్ళని కనిపెట్టుకుని ఉండే పని పొడుగాయనది కాబట్టి ఆయన, గార్డుగారు ఎప్పుడూ జంటగానే వచ్చేవాళ్ళు.

ఆశ్చర్యమేమిటంటే పళ్ళ డాక్టరు చెప్పినట్టే జరిగింది. గార్డుగారికి కూడా వేగం వచ్చింది. నెల తిరిగేసరికి ఎత్తు దగ్గర దిగడం మానేశాడు. ఇంకో నెలకి గుంపు తోకకి అంటుకునే వస్తున్నాడు. సిమెంటు బల్ల ఊసే లేదు. మెట్ల మీద ఆయాసం మాత్రం పోలేదు. పోతుందిలే, ఒంట్లో కొవ్వు ఒక్కరోజులో చేరిందా ఒక్కరోజులో పోవడానికి, అనుకుంది ఆమె.

ఆయన అక్కగారు రెండు వీధుల అవతల ఉండేది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. బట్టలు ఒంటికి సరిచేసి కుట్టే చిన్న దుకాణం ఆవిడది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడగలిగేది, ఆ మాటలూ గుండుసూదుల్లానే ఉండేవి. తమ్ముడు సైకిలెక్కాడని తెలిసి, "ఏమే మరదలా, నేను ముప్ఫై ఏళ్ళు మొత్తుకున్నా ఈ మహానుభావుడు కుర్చీలోంచి లేవలేదు. నువ్వేం మందు పెట్టావే?" అంది.

"నేనేం పెట్టలేదు వదినా, పదిమందిలో పరువు పోతుందని తొక్కుతున్నారు" అంది ఆమె నవ్వుతూ.

ఒక ఆదివారం ఇంటికొచ్చాక ఆయన నేలమీదే చాలాసేపు పడుకుండిపోయాడు. ఎడమ భుజం పిసుక్కుంటున్నాడు. హ్యాండిలు మీద బరువు ఎక్కువ వేస్తున్నారు, మోచేతులు వదులుగా పెట్టండి అని ఆమె చెప్పింది. ఆయన పైకప్పు కేసి చూస్తూ అన్నాడు: "ఒక సంగతి చెప్పనా? ఒక్కణ్ణే ఉంటే ఇవాళ సగం దారిలో ఆగిపోయేవాణ్ణి. మీ అందరి ముందూ ఆగడానికి మొహం చెల్లలేదు."

"అదే కదండీ మందు!" అంది ఆమె.

ఆయన నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూ లేచి స్నానానికి నీళ్ళు తోడింది.

ఆ తరవాతి ఆదివారం విపరీతమైన ఎదురుగాలి. రిజర్వాయరు గట్టు మీద రోడ్డు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఖాళీ పొలాలు, గాలిని ఆపే చెట్టు ఒక్కటీ లేదు. ముందున్నవాళ్ళు వంతులవారీగా అలిసిపోతున్నారు. ఆమెకి మాత్రం ఆ రోజు ఒళ్ళు దూదిపింజలా ఉంది. తొక్కేకొద్దీ ఇంకా తొక్కాలనిపిస్తోంది. వెనకున్నవాళ్ళకి గాలి తగలకుండా ముందు ఒక పొడుగాటి మనిషి ఉంటే ఇంకా జోరుగా పోవచ్చుననిపించింది. గట్టిగా కేకేసింది. "పొడుగాయనా! ముందుకి రండి, గాలి చంపేస్తోంది!"

మాట చేతులు మారినట్టు ఒకరినించి ఒకరికి వెనక్కి అందింది. కాసేపటికి పొడుగాయన పక్కనించి ముందుకొచ్చాడు. ఇద్దరూ వంతులేసుకుని లాగారు. అంత వేగం ఆ గుంపు ఎన్నడూ చూడలేదు. ఆమె జన్మలో ఎన్నడూ చూడలేదు. గట్టు చివర పెట్రోలు బంకు పక్కన కాఫీ అమ్మే చోట దిగేసరికి అందరి మొహాలూ ఎర్రగా వెలిగిపోతున్నాయి. పళ్ళ డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని ఊపుతూ, "ఇవాళ ఇంజను కాదమ్మా, విమానం!" అన్నాడు.

ఆమె మొగుడు ఇంకా రాలేదు. వస్తాడులే అనుకున్నారు. "గార్డుగారు ఎక్కడో జెండా ఊపుతూ ఉంటారు" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కాఫీ తెచ్చుకుంది. గాలి చల్లగా మొహానికి తగిలేలా కూర్చుని, వచ్చిన రోడ్డుకి వీపు పెట్టి, పళ్ళ డాక్టరు చెబుతున్న పాత పందేల కబుర్లు వింటూ నింపాదిగా తాగింది. చల్లారిపోయిందని రెండోది కూడా తెచ్చుకుంది. ఆ రెండో కాఫీ చెయ్యని నేరం లేదు ఆమె మనసులో, ఆ తరవాత.

ముందుగా లేచినవాడు పొడుగాయన. "నేను చూసొస్తా" అని ఒక్కడే బయల్దేరాడు. ఆయన వెళ్ళిన తీరు చూసి ఆమెకి ఏదో అయింది. కప్పు కిందపెట్టి సైకిలెక్కింది. ఈసారి గాలి వీపున ఉంది, రోడ్డంతా జారుడుబల్లలా కాళ్ళ కిందనించి జారిపోయింది.

గట్టు సగంలో ఒక కల్వర్టు ఉంది. దాని పిట్టగోడకి ఆనుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. సైకిలు రోడ్డుకి అడ్డం లేకుండా పక్కకి పడుకోబెట్టాడు. హెల్మెట్టు తీసి పక్కన పెట్టుకున్నాడు. దూరంనించి చూస్తే, ఎప్పటిలాగే కూలబడి పోయేవాళ్ళని చూస్తున్నట్టే ఉంది. "ఏమండీ, మళ్ళీ మొదలా!" అని అరిచింది కూడా. అప్పుడు పొడుగాయన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన రెండు చెంపలూ తడుతుండటం కనబడింది.

వాళ్ళ వెనకే పళ్ళ డాక్టరు వచ్చి ఆయన్ని పడుకోబెట్టి ఛాతీ మీద రెండు చేతులతో నొక్కుతూనే ఉన్నాడు. డాక్టరు చెమట టపటపా కిందున్న ఆయన చొక్కా మీదే రాలింది. అంబులెన్సు వచ్చేదాకా నొక్కాడు, వచ్చినవాళ్ళు భుజం పట్టుకుని లేపేదాకా నొక్కాడు.

గట్టు కింద మొక్కలు పెంచి అమ్మే తోట ఒకటి ఉంది. అక్కడ నీళ్ళు పెడుతున్న మనిషి పైకొచ్చి, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "అందరూ పోయాక ఈయనొక్కడే మెల్లిగా వచ్చాడండీ. దిగి కూర్చున్నాడు. నేను చూస్తే చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అలసట తీర్చుకుంటున్నాడనుకున్నా. మీరు పోయిన వైపే చూస్తున్నాడు."

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నవాడు. గుండెకి పోయే రక్తనాళాలు చాలాకాలంగా మూసుకుపోతూ వచ్చాయనీ, ఇది ఎప్పుడైనా ఎక్కడైనా జరిగేదేననీ, మెట్లెక్కుతుండగా జరిగినా జరిగేదనీ నెమ్మదిగా చెప్పాడు. ఆమె అంతా విని అడిగింది.

"నొప్పి మొదలవగానే ఆగి ఉంటే?"

ఆ కుర్రాడు చేతిలో పెన్ను అటూ ఇటూ తిప్పాడు. "అది చెప్పలేమండీ" అన్నాడు. అబద్ధం చెప్పడం ఇంకా చేతకాని వయసు.

అన్నీ అయ్యాక ఒక సాయంత్రం గుంపువాళ్ళందరూ ఇంటికొచ్చారు. హెల్మెట్లూ నల్లద్దాలూ లేకుండా, ఇస్త్రీ బట్టల్లో, ఆమె సగంమందిని గుర్తుపట్టలేకపోయింది. ఇన్నాళ్ళూ వాళ్ళ వీపులే తెలుసు, మొహాలు తెలియవు. పళ్ళ డాక్టరు కూర్చోలేక, నిలబడలేక, "నేను పళ్ళ డాక్టర్నమ్మా. వచ్చినవాళ్ళ నోరు చూడటమే అలవాటు. గుండె ఎలా ఉంది సార్ అని ఒక్కనాడు అడగలేదు" అన్నాడు. ఇంకెవరో, మంచి మాట అనుకుని, "పాపం, మనతో చేరాక ఎంత బాగా వేగం పుంజుకున్నారో" అన్నారు. గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

పొడుగాయన వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "మీరు పిలవకపోయినా నేను ముందుకొచ్చేవాణ్ణేనండీ. గాలి అలా ఉంది" అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. గార్డుగారిని వదిలి ఆయన ఏనాడూ ముందుకి రాలేదు.

వాళ్ళు వెళ్ళాక, అంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న వదిన ఒక్క మాట అడిగింది.

"అప్పుడు నువ్వు వాడికి ముందున్నావా, వెనకున్నావా?"

"ముందున్నాను వదినా."

ఆవిడ తలూపింది. గోడతో చెప్పినట్టు, "పదిమందితో చావు పెళ్ళితో సమానమంటారు. పదిమందితో వెళ్ళి వాడొక్కడే చచ్చిపోయాడు" అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె మళ్ళీ పనికి పోయింది. యంత్రం తిరుగుతుంది, నీళ్ళు కారతాయి, అద్దం అరుగుతుంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి కానీ ఒక్కోసారి అంచు దాటి లోపలిదాకా అరగదీసేసి, చేతిలో పనికిరాని గాజుముక్క మిగిలాక గానీ తెలిసేది కాదు. మేనేజరు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకి భరించలేనట్టుండేది. ఇంట్లో సాయంత్రాలు ఇంకా ఘోరం. వంట చెయ్యబుద్ధి కాదు, చేస్తే తినబుద్ధి కాదు. ఏదో ఒక వేళప్పుడు తన గొంతు తనకే వినిపించేది. అదే కదండీ మందు. ఎంత హుషారుగా అంది!

కొన్ని నెలలకి పొడుగాయన అద్దాల పెట్టెలు ఎత్తుతూ, ఆమె కేసి చూడకుండా, "ఈ ఆదివారం నెమ్మదిగానే పోదామనుకుంటున్నాం. ఒకసారి రండి. ఇంట్లో గోడలు చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటారు?" అన్నాడు. కాదనే ఓపిక కూడా లేక వెళ్ళింది.

అందరూ మాటల్లో మెత్తదనం నింపుకుని పలకరించారు. ఇంజనమ్మ అని ఎవరూ అనలేదు. ఆమె మధ్యలో చేరింది. ఊరు దాటేదాకా బాగానే ఉంది. వేగం అందుకోగానే మెడ వెనక సూదులు గుచ్చినట్టయింది. వెనక ఎవరో తగ్గిపోతున్నారనిపించింది. తిరిగి చూసింది. అందరూ ఉన్నారు. ముందుకి తిరిగింది. రెండు తొక్కులు తొక్కిందో లేదో మళ్ళీ అదే. ఇందాక ఉన్నవాళ్ళు ఇప్పుడు లేరేమో. మళ్ళీ తిరిగింది. సైకిలు పక్కకి మళ్ళిపోయింది. "చూసుకోండి!" అని ఎవరో అరిచారు. ఆమెకి తెలుసు తప్పని. పళ్ళు బిగించుకుని ముందున్న చక్రం మీద చూపు నిలబెట్టింది. ఆ చక్రం తిరిగేకొద్దీ వెనక రోడ్డు ఖాళీ అయిపోతున్నట్టే ఉంది. మూడోసారి తిరిగినప్పుడు ఆమె చక్రం పక్కనున్న కాలేజీ అమ్మాయి చక్రానికి తగిలింది. ఆ పిల్ల ఎగిరి రోడ్డు మీద పడింది. మోచేయి, మోకాలు చర్మం లేచిపోయి రక్తం కారింది. ఎముక విరగలేదు. "పర్లేదు ఆంటీ, ఏం కాలేదు" అంటూనే ఆ పిల్ల పెదాలు వణుకుతున్నాయి.

తిరుగు దారిలో పళ్ళ డాక్టరు ఆమె పక్కనే వచ్చాడు.  "కొన్నాళ్ళు ఆగండమ్మా. మీ మంచికీ, వాళ్ళ మంచికీ" అన్నాడు.

"అలాగేనండీ" అంది ఆమె.

ఆ తరవాత ఎవరూ రమ్మనలేదు. వాళ్ళ మీద ఆమెకి కోపం కూడా రాలేదు. ఆమె ఒకసారి ఒంటరిగా వెళ్ళి చూసింది. ఒంటరిగా పోతే వెనక్కి చూసినా ఎవరికీ నష్టం లేదు. వంతెన దాకా పోయేసరికి కాళ్ళు సీసంలా బరువెక్కాయి. కాలు నొప్పి అనగానే మనసు సరే, ఆగుదాం అంది. ఆగింది. ఇంత తేలికా ఆగడం! రోడ్డు పక్కన సైకిలు పట్టుకుని, దారినపోయేవాళ్ళు తిరిగి చూసేలా ఏడ్చింది. అంతే, మళ్ళీ ఎక్కలేదు. పనికి బస్సులోనే పోతోంది. నడుము నొప్పి మళ్ళీ మొదలైంది.

వదిన రాకపోకలు మానలేదు. వచ్చేది, గిన్నెలో ఏదో ఒకటి పెట్టి వెళ్ళేది. ఒక ఆదివారం పొద్దున్న ఆమె ఇక పట్టలేకపోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తిట్టండి వదినా. మీ తమ్ముణ్ణి నేనే చంపాను. ఆయన ఆగుతానంటే ఆగనివ్వలేదు. నోటికొచ్చినట్టు తిట్టండి, కొట్టండి. ఇలా నోరు కుట్టుకుని ఉండకండి."

వదిన చెయ్యి విడిపించుకోలేదు. "తిడితే ఏమవుతుంది? ఏడుస్తావు. ఏడిస్తే నీకు తేలికవుతుంది. నా బరువు నేనెవరికి ఇచ్చుకోను?" అంది.

"మీకేం బరువు వదినా? మీరేం చేశారు?"

ఆవిడ అక్కడే కూర్చుని చెప్పింది.  "పోయే ముందు వారం దుకాణానికి వచ్చాడు. అక్కా, ఈ సైకిలు చొక్కా ఛాతీ దగ్గర పట్టేస్తోందే, ఊపిరాడట్లేదు అన్నాడు. ఏరా, తగ్గుతున్నావనుకుంటే పెరుగుతున్నావా అని ఎగతాళి చేశాను. కుట్లు విప్పి, పక్కన గుడ్డ వేసి వదులు చేసిచ్చాను. చొక్కా వాడికి వేలాడుతోంది. నా కళ్ళతో చూశాను, వేలాడుతోంది. అయినా ఇంకా పట్టేస్తోందే అక్కా అన్నాడు. పోరా, మాయదారి వెధవా అని పంపించాను."

 మీ తప్పేం లేదు వదినా అనడానికి ఆమె నోరు తెరిచింది, ఆ మాట తనకెవరైనా చెబితే ఎలా ఉంటుందో గుర్తొచ్చి మూసుకుంది. ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. వదిన లేచి మొహం కడుక్కుంది. గిన్నెలు సర్దింది. పని ఉందని వెళ్ళిపోయింది.

ఇద్దరూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆదివారాలు ఆవిడ కుట్టుపని మూటగట్టుకుని పొద్దున్నే వస్తోంది. కిటికీ దగ్గర కూర్చుని పని చేసుకుంటుంది. ఈమె ఎదురుగా నేల మీద కూర్చుని, పాత బట్టల కుట్లు ఒక్కొక్కటే విప్పి, దారప్పోగులు ఏరి పక్కన పెడుతుంది. మాటలుండవు. కత్తెర ఏదీ అని వదిన చెయ్యి చాపితే అందిస్తుంది.